అన్నం పెట్టాకే అడిగాడు

నిన్న ఉపవాస ప్రార్థన అయ్యాక మా చర్చి సంఘంలో ప్రేమ విందు (అందరం కలిసి తినే భోజనం) పెట్టారు, అన్నం పప్పుచారు కోడికూర అంతే, కానీ నేను రెండుసార్లు వేయించుకున్నా... ఆకలి ఉంది నిజమే, అంతకంటే వడ్డిస్తున్న పెద్దమ్మ "ఏం నాన్నా ఇంత చిక్కిపోయావ్, రెండు వారాల్నుంచి కనబడట్లేదు" అన్నందుకు. హైదరాబాద్ వచ్చి మూడేళ్లు, హాస్టల్లో రోజూ తింటూనే ఉన్నా, తిన్నావా అని అడిగే మనిషి లేక ఆ తిండి ఒంటికి పట్టట్లేదు.

రాత్రి పడుకునే ముందు బైబిల్లో యోహాను సువార్త 21వ అధ్యాయం తీశా. యేసు శిష్యుడు పేతురు అంతకుముందు, యేసుని పట్టుకెళ్లిన రాత్రి, బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ ఆయనెవరో నాకు తెలీదని మూడుసార్లు బొంకాడు కదా, చనిపోయి తిరిగి లేచిన యేసు సరస్సు ఒడ్డున మళ్లీ బొగ్గుల మంటే వేసి, చేపలు, రొట్టె రెడీగా పెట్టి రండి తినండి అంటాడు. చేపలు పట్టడానికెళ్లిన పేతురు వాళ్ల వలలో 153 చేపలు పడ్డాయి, అయినా ఆయన దగ్గర ముందే చేప కాలుతోంది!! తిండి అయ్యాకే పేతురుని నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు, అదీ మూడుసార్లు. ఎందుకలా చేశావ్ అని నిలదీయలేదు. మా అమ్మ కూడా అంతే, ఎంత కోపమున్నా ముందు కంచం పెడుతుంది.

పేతురు ప్రేమిస్తున్నా అంటే ఆయనేమన్నాడు? నా గొర్రెల్ని మేపు అని, అంటే నా మనుషుల్ని చూసుకో అని. మళ్లీ తిండి సంగతే 😄

వచ్చే ఆదివారం వడ్డనకి నేనూ పేరిచ్చా, గరిటె సరిగ్గా పట్టుకోవడం రాదు, అది వేరే విషయం.