సత్రం ప్రయాణానికి చీర సంచి, రెండు పల్చటి తువ్వాళ్లు

కాశీలోనో రామేశ్వరంలోనో సత్రం గది దొరికితే మంచం, పరుపు, దిండు దాదాపు ఖాయం. చాలాచోట్ల రగ్గు కూడా ఇస్తారు. పరుపు మీది దుప్పటి ఎప్పుడు ఉతికారో మాత్రం అడక్కపోవడమే మేలు. అందుకే చాలామంది ఇంట్లోంచే డబుల్ దుప్పటి, గలేబు, టర్కీ తువ్వాలు మోసుకెళ్తారు. సగం బ్యాగు వాటికే సరి. పైగా దుప్పటితో ఒక చిక్కుంది. తొలి రాత్రి పరుపుకు ఆనిన వైపు ఏదో మడత పెట్టాక గుర్తుండదు. రెండో ఊళ్లో ఆ వైపే మొహానికి తగులుతుంది. దుప్పటే కావాలనుకునేవాళ్లు ఒక మూల, ఒకవైపే కనబడేలా చిన్న గుండీ కుట్టుకోండి. గుండీ ఎప్పుడూ పైకే ఉండాలి.

అంతకంటే సుఖమైనది లోపల దూరి పడుకునేలా చీరతో కుట్టిన సంచి. దానికి లోపల, బయట అనేవి ఎటూ మారవు. పల్చటి నూలు చీరైతే 400-500 గ్రాములు తూగుతుంది. దుప్పటి, గలేబు, కప్పుకునే గుడ్డ మూడూ అదే.

జరీ లేని పాత నేత చీర తీసుకోండి. జరీ రాత్రంతా మెడ మీద గీరుతుంది. ఫాల్ ఉంటే విప్పేయాలి, లేకపోతే అది ఒకలా, చీర ఒకలా కుంచించుకుని అంచు ముడుచుకుపోతుంది. గంజి పూర్తిగా పోయేదాకా ఉతకండి. చీర పొడవు 5.5 మీటర్లు, అంటే 18 అడుగులు. పన్నా 46 అంగుళాల దాకా ఉంటుంది. కొంగు వైపు 3 అడుగులు కత్తిరించేస్తే 15 అడుగులు మిగులుతుంది. అందులో ఒక చివర 1.5 అడుగులు దిండుకు జేబు, తర్వాతి 7 అడుగులు కింది పొర, మిగతా 6.5 అడుగులు పై పొర.

ముందు రెండు చివర్లూ అర అంగుళం మడిచి కుట్టండి. జేబు గుడ్డను కింది పొర మీదికి మడిచి రెండు పక్కలా కుట్టేస్తే దిండు దూరేంత చోటు వస్తుంది. ఆ తర్వాత కాళ్ల దగ్గర మడత వచ్చేలా పై పొరను దాని మీదికి తెచ్చి, మడత నుంచి కొలిచి ఎడమ పక్క 5 అడుగులు, కుడి పక్క 3 అడుగులు మాత్రమే కుట్టండి. ఒళ్లు కాస్త పెద్దదైతే కుడి పక్క 2 అడుగులకే ఆపండి, లేకపోతే ఒత్తిగిలడం కష్టం. కుట్టు ఆగిన చోట మిషన్‌ను ముందుకీ వెనక్కీ మూడుసార్లు నడపాలి. నిద్రమత్తులో లేచేటప్పుడు మోకాలి బలమంతా అక్కడే పడుతుంది, చిరిగేదీ అక్కడే. రెండు పక్కలా ఉన్నవి చీర అంచులే కాబట్టి దారాలు ఊడవు, ఓవర్‌లాక్ అక్కర్లేదు. దుప్పటిని కాకుండా చీరను పట్టుకున్నది ఇందుకే.

పై పొర జేబు మీదికి ఒక అడుగు ఎక్కువ వస్తుంది. అది పొరపాటు కాదు. సత్రం వాళ్ల రగ్గు కప్పుకున్నాక ఆ అడుగు గుడ్డను రగ్గు మీదికి మడిస్తే, ఎవరెవరో కప్పుకున్న ఆ రగ్గు గడ్డానికి తగలదు. జనవరిలో కాశీ చలికి రగ్గు లేకుండా ఎటూ గడవదు.

ఇక తువ్వాళ్లు. 30×60 అంగుళాల టర్కీ తువ్వాలు పొడిగానే అర కిలో ఉంటుంది. కిటికీ లేని గదిలో మర్నాటికి కూడా ఆరదు, ఆరనిది వాసన కొడుతుంది. అదే కొలతలో పల్చటి నేత తువ్వాలు 200 గ్రాములకు మించదు, ఫ్యాను కింద రాత్రికి రాత్రే ఆరిపోతుంది. మనిషికి రెండు చాలు. కొత్తవి నీళ్లు పీల్చవు, బయల్దేరేలోపు మూడుసార్లు ఉతకండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ మాత్రం వెయ్యొద్దు, అది నూలుకు పూతలా పట్టి నీళ్లు పీల్చనివ్వదు.

రామేశ్వరంలో రెండూ పనికొస్తాయి. అగ్నితీర్థంలో సముద్రస్నానం, ఆపైన గుళ్లో 22 తీర్థాలు. దర్శనానికి తడిబట్టలతో వెళ్లనివ్వరు కాబట్టి పొడి బట్టలతోపాటు ఒక తువ్వాలు పాలిథిన్ కవర్లో విడిగా ఉండాలి. సముద్రపు నీటిలో తడిసిన తువ్వాలును మంచినీళ్లలో జాడించకుండా ఆరేస్తే ఎంతసేపటికీ చెమ్మగానే ఉంటుంది, ఉప్పు గాల్లో తేమను లాగుతుంది. త్వరగా ఆరాలంటే తడి తువ్వాలును పొడిదాని మీద పరిచి, రెండూ కలిపి చుట్టి గట్టిగా మెలిపెట్టండి. తర్వాత కిటికీ ఊచకూ తలుపు గొళ్లేనికీ కట్టిన దండెం మీద, మడత లేకుండా. ఇందుకు 4 మీటర్ల నైలాన్ తాడు బ్యాగులో ఉండాల్సిందే. సత్రాల్లో మేకులు ఉన్నా తుప్పు పట్టి ఉంటాయి, మరక పోదు.

నల్లుల్ని మాత్రం ఏ దుప్పటీ ఆపదు, ఈ సంచీ ఆపదు. గదిలో అడుగుపెట్టగానే బ్యాగు మంచం మీద పడేయకుండా ప్లాస్టిక్ కుర్చీలో పెట్టి, ఫోన్ లైటు వేసి పరుపు అంచు కుట్టు, చెక్కల అతుకులు చూడండి. సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు కనిపిస్తే గది మార్చమనండి. పరుపు తిరగేస్తే లాభం లేదు, అవి మంచంలోనూ ఉంటాయి. ఇంటికొచ్చాక సంచి, తువ్వాళ్లు పడగ్గదిలోకి తేకుండా నేరుగా 60 డిగ్రీల వేడినీళ్లలో వేసి అరగంట అదే వేడి మీద ఉంచండి. ఎండలో దులిపి ఆరేస్తే చాలదు, అవి మడతల నీడలోకి పాకుతాయి. ఖాళీ బ్యాగు కుట్ల వెంట కూడా ఓసారి చూడండి. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ ప్రయాణం దాకా అటక మీదే కూర్చోగలవు.