పూరే పచాస్ హజార్

మన స్కూలు జ్ఞాపకాలు రాయమని కమిటీవాళ్ళు వాట్సాప్‌లో మూడోసారి అడిగాక ఇంక తప్పించుకోలేక రాస్తున్నా. ఆరు నుంచి ఎనిమిది దాకా నాకేం గుర్తులేదు, పదో క్లాసూ ఆ నీళ్ళ ట్యాంకు సంగతీ ఎలాగూ బుల్లెట్ గాడు రాస్తాడు. నా దగ్గర ఉన్నది ఒక్కటే, యానివల్ డే.

హిందీ సార్ గుర్తున్నారుగా, సాయంత్రం ప్రాథమిక్ పరీక్షకి చదివిస్తానని కూర్చోబెట్టి సగం టైము షోలే క్యాసెట్ పెట్టేవారు, పాటలది కాదు, పాలిడార్ వాళ్ళు వేసిన ఒట్టి డైలాగులది. టేపు నలిగి గబ్బర్ నవ్వు మధ్యలో గొంతు ఓసారి జారిపోయేది, మనం ఆ జారుడు కూడా కలిపి నేర్చుకున్నాం. పెన్సిలు పెట్టి వెనక్కి తిప్పే డ్యూటీ నాది.

సార్‌కి ఒకటే పిచ్చి, మాట మారకూడదు. 'కితనే ఆద్మీ థే' అని గబ్బర్ అడిగేది కాలియా వాళ్ళని. సాంబాని అడిగేది సర్కారు తన మీద ఎంత ఇనాం పెట్టిందని. రెండూ ఒకే సీన్లో ఉన్నాయి కాబట్టి జనం కలిపేసి 'అరే ఓ సాంబా, కితనే ఆద్మీ థే' చేసేశారు, 1975 నుంచి అదే నడుస్తోంది. రోజుకోసారి చెప్పేవారు, వింటేగా.

నేను సాంబా. బెంచీల మీద బెంచీలు పేర్చి పైన కూర్చోబెట్టారు, చేతిలో కర్ర తుపాకీ, నోట్లో మూడే ముక్కలు. మన గబ్బర్ (ఇప్పటికీ గ్రూపులో రోజూ గుడ్ మార్నింగ్ పెట్టేవాడే) జనాన్ని చూసి బెదిరిపోయి, కాలియాని వదిలేసి తల పైకెత్తి "అరే ఓ సాంబా! కితనే ఆద్మీ థే?" అన్నాడు. నాకొచ్చింది నేను చెప్పా. "పూరే పచాస్ హజార్!"

ముందు నవ్వింది సార్ వాళ్ళావిడ. కింద కాలియా 'సర్దార్, దో' అనాలి, యాభై వేలు విన్నాక ఏం తోచక బేరమాడినట్టు "దో హజార్?" అన్నాడు. ఆ తర్వాత స్కిట్ ఏమైందో నాకు తెలీదు, బెంచీలు ఊగుతున్నాయి.

సార్ తిట్టలేదు. "పేరు తగిలిస్తే గానీ అది ఏ సినిమాదో జనానికి గుర్తురాదురా, అందుకే సాంబాని లాక్కొస్తారు" అన్నారంతే. మొన్న మా వాడు బెంగళూరు నుంచి వచ్చి "లూక్, ఐ యామ్ యువర్ ఫాదర్" అని గొంతు మార్చి అంటుంటే, 1980లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో ఉన్నది "నో, ఐ యామ్ యువర్ ఫాదర్" రా, లూక్ పేరు జనం అతికించింది అన్నా. వాడు ఫోన్లో వెతికి చూసుకుని "నీకెలా తెలుసు నాన్నా" అన్నాడు. కాసాబ్లాంకా అనే పాత ఇంగ్లీషు సినిమాలో కూడా "ప్లే ఇట్, శామ్" అనే ఉంది, జనం కలిపే "ఎగైన్" లేదు అని అదీ వడ్డించా.

అంబత్తూర్లో మా షెడ్డులో ఇప్పుడు ముప్పై మంది పని చేస్తున్నారు, లెక్కల సార్‌కి ఎవరైనా చెప్పండి, నేను చెప్తే నమ్మరు.

కమిటీ అడిగిన చందా కూడా పంపుతున్నా, స్టేజీకి మంచి మైకు కొనండి. పూరే పచాస్ హజార్. రసీదులో మాత్రం సాంబా అని రాయకండ్రా, మా ఆవిడకి ఆ పేరు ఇంకా తెలీదు.