ఎర ఎవరికి తగ్గట్టు వాళ్ళకే ఉంటుంది

మార్చి వచ్చిందంటే మా గుంటూరు మిర్చి యార్డులో నిలబడ్డానికి చోటుండదు, ఎక్కడ చూసినా టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే, ఘాటుకి తుమ్ములు ఆగవు. లెంట్ దినాలు, అంటే ఈస్టర్‌కి ముందు మేము ఉపవాస ప్రార్థనలు చేసుకునే రోజులు కూడా సరిగ్గా ఆ సీజన్‌లోనే వస్తాయి. కమిషన్ కొట్టులో పగలంతా లెక్కలు రాసి సాయంత్రం చర్చిలో కూర్చుంటే నా బట్టల్లోంచి ఇంకా మిరపకాయ వాసనే వస్తుంటుంది.

రెండేళ్ళ క్రితం ఆ రోజుల్లోనే బైబిల్లోని యాకోబు పత్రిక 1:14 నన్ను పట్టుకుంది. "ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులుకొల్పబడినవాడై శోధింపబడును." చిన్నప్పట్నుంచీ వింటున్న వాక్యమే కానీ ఆ "స్వకీయమైన" దగ్గర ఎప్పుడూ ఆగలేదు. తప్పు చేస్తే వెంటనే సాతాను శోధించాడండీ, అంటే వాడే పాపంలోకి లాగాడండీ అంటాం. చర్చిలో పూర్తి సభ్యత్వానికి ముందు చెప్పే కన్ఫర్మేషన్ క్లాసులో సాతాను, లోకం, శరీరం అని ముగ్గురు శత్రువుల్ని బట్టీ పట్టించారు కదా, మొదటి రెండిటి మీదకి నెట్టేసి మూడోదాన్ని వదిలేస్తాం, అది మనలోనే ఉంది కాబట్టి.

"మరులుకొల్పబడి" అన్నచోట గ్రీకులో ఉన్న మాటకి ఎర చూపి లాగడం అని అర్థం. అది తెలిసినప్పుడు సీతానగరంలో కృష్ణ ఒడ్డున గాలం వేసే మా మావయ్య గుర్తొచ్చాడు. బొచ్చెకైతే తవుడు కలిపిన పిండి ముద్ద, కొర్రమీనుకైతే చిన్న కప్పపిల్ల పెట్టేవాడు. నాకు తాగుడు ఎర కాదు, సీసా తెచ్చి ఎదురుగా పెట్టినా చూడను, చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ సంగతి చెప్పేవాణ్ణి కూడా. నా ఎర ఏంటో ఒక సాయంత్రం క్యాష్ టాలీ చేస్తుంటే తెలిసింది.

ఐదు వేలు ఎక్కువుంది. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకి ఐదొందల నోట్లు లెక్కపెట్టి ఇచ్చాను, పది నోట్లు తక్కువ వెళ్ళాయి, తప్పు నాదే, ఆయన బస్సు తొందరలో చూసుకోకుండా సంచిలో పెట్టేసుకున్నాడు. కొట్లో ఓనర్ లేడు, ఎవరికీ తెలీదు. మా పాప స్కూలు ఫీజు ఆ వారమే కట్టాలి. సిగ్గుగా ఉన్నా చెప్తాను, ఆ ఆలోచన నాకు దొంగతనంలా రాలేదు, "ఫీజు కోసం ప్రార్థన చేశావుగా, ప్రభువే ఇచ్చాడేమో" అని వచ్చింది. మత్తయి 4లో సాతాను కూడా 91వ కీర్తన చెప్పే కదా యేసయ్యని దేవాలయం మీద నుంచి దూకమన్నాడు! వాడి నోట్లో కూడా వాక్యం ఉంటుంది. ప్రభువు నలభై రోజుల ఆకలితో ఉండి కూడా మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోంచే జవాబు చెప్పాడు, నేను కడుపు నిండా తిని కూడా ఒక్క మాట చెప్పలేకపోయాను.

యెహోషువ 7లో యెరికో దోపుడు సొమ్ము దాచుకున్న ఆకాను ఉన్నాడు కదా, చూశాను, ఆశపడ్డాను, తీసుకున్నాను అని ఒప్పుకున్నాడు. నేను అప్పటికి రెండో మాట దగ్గరున్నాను. 1 కొరింథీ 10:13లో దేవుడు శోధనతో కూడా తప్పించుకునే మార్గం ఇస్తాడని ఉంది, అదేదో పెద్ద అద్భుతంలా వస్తుందనుకునేవాణ్ణి. నాకైతే అది చిట్టా పుస్తకంలో ఆయన పేరు పక్కన ఉన్న ఫోన్ నంబరు. చూసిన వెంటనే చేసుంటే బస్టాండులోనే దొరికేవాడు, కానీ ఆ నోట్లే మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతూ గంట కూర్చున్నాను, ఆ గంటసేపూ ఆశ ముదురుతూనే ఉంది, ఆదికాండంలో యజమాని భార్య వెంటపడినప్పుడు యోసేపు చివర్లో ఇంక మాటలు పెట్టుకోకుండా వస్త్రం వదిలేసి ఎందుకు పారిపోయాడో నాకప్పుడు అర్థమైంది.

చివరికి ప్రభువా అనుకుని ఫోన్ చేశాను. బస్సు సత్తెనపల్లి దగ్గర్లో ఉందట. "అవునా బాబూ, నేను చూసుకోనేలేదు, ఎల్లుండి మిగతా టిక్కీలు తెస్తాగా, అప్పుడిద్దువులే" అన్నాడు.

ఎల్లుండి వచ్చాడు. పది నోట్లూ వేలు తడి చేసుకుంటూ లెక్కపెట్టుకుని, తువ్వాలు అంచున ముడేసుకుని, "టీ తాగొద్దాం రా బాబూ" అన్నాడు. పాప ఫీజు నెలాఖరుకి కట్టాం, ఫైన్‌తో కలిపి.