గుమ్మం పైపట్టె మీద కత్తి గాటు: క్యోటోలో రెండు రోజులు

క్యోటోలోని మిబు అనే పేటలో యాగి వాళ్ళ ఇంట్లో ఒక గుమ్మం ఉంది. దాని పైపట్టె మీద ఏటవాలుగా ఒక గాటు. 1863 శరత్కాలంలో, వాన కురుస్తున్న ఒక రాత్రి, సెరిజావా కమో అనే ఖడ్గవీరుణ్ణి అతని సహచరులే నరికి చంపారు. ఆ రాత్రి ఆ గదుల్లో తిరిగిన కత్తుల్లో ఒకటి మనిషికి బదులు కలపకి తగిలింది. ఆ ఇల్లు అప్పటిదే, ఆ పట్టె అప్పటిదే. నా రెండు రోజుల యాత్రను ఈ గాటు చుట్టూనే కట్టుకున్నాను.

షోగునేట్, అంటే షోగున్ అనే సైనిక పాలకుడి ప్రభుత్వం, కూలిపోతున్న కాలపు ఖడ్గవీరులంటే మనకి ఆరుబయట, గాలికి బట్టలు ఎగురుతుండగా ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు మనుషులు కళ్ళముందుకొస్తారు. కానీ క్యోటోలో పేరుమోసిన పోరాటాలు చాలావరకు సత్రాల మేడగదుల్లో, ఇళ్ళ లోపల, రాత్రిపూట, దీపాలు ఆరిపోయాక జరిగాయి. ఎవరు బతికారు, ఎవరు చచ్చారు అన్నది వాళ్ళ విద్యతో పాటు ఆ గది ఎత్తు మీద కూడా ఆధారపడింది. అందుకే ఈ స్థలాలను పుస్తకంలో చదవడం ఒక ఎత్తు, లోపల నిలబడి చూడడం ఒక ఎత్తు.

లెక్క చూడండి. పాతకాలపు జపాను ఇంట్లో గుమ్మం పైపట్టె, వాళ్ళు 'కమోయి' అంటారు, నేల నుంచి సుమారు 173 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. కతానా అనే పొడవు కత్తి అలుగు మామూలుగా 70 సెం.మీ., పిడి మరో 25. రెండు చేతులా పట్టుకుని తలపైకి ఎత్తితే మొన ఆ పట్టెను ఎప్పుడో దాటిపోతుంది. పై నుంచి నరకబోతే దెబ్బ దారిలోనే ఆగుతుంది. కత్తి కలపలో దిగబడితే లాక్కోవడానికి పట్టే క్షణం చాలు, ఎదుటివాడికి. అందుకే ఇంట్లో పోరాటానికి 30 నుంచి 60 సెం.మీ. లోపు అలుగున్న వకిజాషి అనే పొట్టి కత్తి పనికొచ్చేది. కతానాయే పట్టాల్సొస్తే పొడవడమే మార్గం. సెరిజావా దళంలోనే ఉన్న ఒకితా సోజి పొడుపులో ఆరితేరినవాడని చెప్పుకోవడానికి కారణం ఇక్కడ నిలబడితే బాగా అర్థమవుతుంది.

మిబుకు వెళ్ళాలంటే హాంక్యూ రైలు ఎక్కి ఓమియా స్టేషన్లో దిగాలి. అక్కణ్ణుంచి పది నిమిషాల నడక. ఇక్కడొక చిక్కుంది. షోగునేట్‌ని దింపడానికి పనిచేసిన సకమోతో ర్యోమా హత్య జరిగిన చోటు పేరు కూడా పలకడానికి ఓమియాయే. రాత వేరు, చోటు వేరు. అది కవరమాచిలో ఉంది, నగరానికి అవతలి పక్క. ఫోన్లో వెతికేటప్పుడు ఈ రెండూ కలిసిపోతాయి, చూసుకోండి.

యాగి ఇంటికి టికెట్ ముందున్న మిఠాయి కొట్టులోనే ఇస్తారు. నేను వెళ్ళినప్పుడు 1,100 యెన్‌లు. అందులోనే ఒక గిన్నె మచ్చా టీ, ఒక 'తోన్షో మోచి' వస్తాయి. తోన్షో అంటే దళం విడిది. మెత్తటి బియ్యప్పిండి ముద్దలో ఎర్ర చిక్కుళ్ళ తీపి ముద్ద, దానితోపాటు మిబునా అనే స్థానిక ఆకుకూర ఊరగాయను సన్నగా తరిగి కలుపుతారు. తీపిలో చిటికెడు ఉప్పు తగులుతుంది. ఇల్లు చూశాకే తినండి, తొందరలేకుండా.

లోపల ఫోటోలు తీయనివ్వరు. వివరణంతా జపనీస్‌లోనే. భాష రాకపోయినా, కథ ముందే చదువుకుని వెళ్తే వాళ్ళు ఏ గది చూపిస్తున్నారో, చెయ్యి ఎటు ఊపుతున్నారో పట్టుకోగలం. అందుకని ఆ కథను వరుసగా చెబుతాను.

1863 మొదట్లో ఎదో (ఇప్పటి టోక్యో) నుంచి షోగున్ రక్షణ కోసమని యజమానుల్లేని సమురాయ్‌ల గుంపొకటి క్యోటో వచ్చింది. దాన్ని పోగుచేసిన కియోకవా హచిరో ఇక్కడికొచ్చాక చక్రవర్తి పక్షం అనేసరికి గుంపు చీలింది. ఎక్కువమంది వెనక్కి వెళ్ళారు. మిబులో మిగిలిన కొద్దిమందే తర్వాత షిన్సెన్‌గుమి, అంటే షోగున్ పక్షాన క్యోటోలో కాపలా తిరిగిన దళం, అయ్యారు. సెరిజావా కమోది మితో వైపు, షింతో మునెన్ సంప్రదాయం. కొందో ఇసామి, హిజికాతా తోషిజో, ఒకితా సోజిలది ఎదో పక్క పల్లెల్లో నేర్పే తెన్నెన్ రిషిన్ సంప్రదాయం. ఈ రెండోవాళ్ళు సాధనకు వాడే చెక్కకత్తి మామూలు దానికంటే బాగా లావు, బరువు. సొగసు తక్కువ, బలం ఎక్కువ.

సెరిజావా తాగి చేసే ఆగడాలు దళానికి తలనొప్పి అయ్యాయి. ఆ రాత్రి షిమబారాలోని సుమియా అనే విందు మందిరంలో అందరూ తాగారు. అతను మిబుకు తిరిగొచ్చి పడుకున్నాక హంతకులు వచ్చారు. హిజికాతా, ఒకితా అందులో ఉన్నారన్నది అందరూ ఒప్పుకునే మాట. హిరయామా గోరో అక్కడే చచ్చాడు. సెరిజావా పక్కలో ఉన్న ఒఉమే అనే ఆమెనూ చంపారు. సెరిజావా లేచి పక్కగదిలోకి పరిగెత్తి, అక్కడున్న పొట్టి రాతబల్ల తట్టుకుని పడ్డాడు. ఆ గదిలో యాగి వాళ్ళ పిల్లలు నిద్రపోతున్నారు. ఆ పిల్లల్లో ఒకరైన తమెసబురో ముసలితనంలో చెప్పిన జ్ఞాపకాల వల్లే మనకి ఇంత వివరం తెలుస్తోంది. గాటున్న పట్టె కింద నిలబడి ఆ బల్ల ఉన్న వైపు చూస్తే దూరం నాలుగైదు అడుగులకు మించదు.

హత్యను బయటివాళ్ళ మీదికి నెట్టి, దళ నాయకుడు కొందో ఘనంగా అంత్యక్రియలు జరిపించాడు. ఆ సమాధి పక్కనే ఉన్న మిబుదేరా గుడిలో ఉంది, సెరిజావాకూ హిరయామాకూ కలిపి ఒకటే రాయి. మిబుజుకా అనే ఆ ఆవరణకు చిన్న రుసుముంది. కొందో విగ్రహం, అతని జుట్టు పెట్టి కట్టిన స్తూపం కూడా అక్కడే. చంపించినవాడూ చచ్చినవాడూ ఒకే ఆవరణలో. నేను ఎక్కువసేపు ఉండిపోయింది ఇక్కడే.

యాగి ఇంటికి ఎదురు వరుసలో మయెకవా వాళ్ళ పాత ఇల్లుంది. యమనామి కెయిసుకే 1865లో కడుపు చీల్చుకుని చనిపోయింది అందులోనే. అందులో ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు, లోపలికి వెళ్ళకూడదు. గేటు బయట నిలబడి చూడాలి.

సుమియా మిబు నుంచి నడిచేంత దూరమే, పావుగంట, ఇరవై నిమిషాలు. అక్కడ స్తంభం మీద షిన్సెన్‌గుమి కత్తి గాట్లు చూపిస్తారు. అయితే అది ఏడాది పొడవునా తెరిచుండదు: మార్చి 15 నుంచి జులై 18 వరకు, సెప్టెంబర్ 15 నుంచి డిసెంబర్ 15 వరకు మాత్రమే. సోమవారం సెలవు. మేడ మీది గదులకు ముందే చెప్పుకోవాలి. ఆగస్టులో వెళ్ళేవాళ్ళు మూసిన తలుపు చూసి వెనక్కి రావాల్సిందే.

సాయంత్రం సంజో వీధికి. షిన్సెన్‌గుమి దాడి చేసిన ఇకెదాయా సత్రం ఇప్పుడు లేదు. ఆ చోట ఒక తాగే హోటలుంది, ముందు చిన్న రాతిగుర్తు. లోపల పెద్ద మెట్లవరుస కట్టారు, మెట్ల మీంచి మనిషి దొర్లి పడే దృశ్యం కోసం. ఆ దృశ్యం నాటకాలూ సినిమాలూ ప్రసిద్ధం చేసింది. జరిగింది దానికంటే ఇరుకైనది, భయంకరమైనది.

1864 జులై 8 రాత్రి. గియోన్ ఉత్సవం రోజులు, క్యోటో ఉక్కపోత. పైగదిలో ఇరవైమందికి పైగా చోషూ సంస్థానం పక్షపు తిరుగుబాటుదారులు సమావేశమయ్యారు. కొందో వెంట ఉన్నది పదిమందే. కొందరిని బయట దారులు కాయడానికి పెట్టి, మొదట లోపలికి దిగింది నలుగురు: కొందో, ఒకితా, నగకురా షింపాచి, తోదో హెయిసుకే. హిజికాతా గుంపు వేరే చోట్ల వెతుక్కుంటూ ఆలస్యంగా వచ్చింది. ఒకితా మధ్యలోనే కూలబడ్డాడు. ఎండదెబ్బో, క్షయ రోగమో అని ఇప్పటికీ వాదించుకుంటారు. జులైలో సంజో వంతెన మీద రాత్రి తొమ్మిదికి నిలబడితే ఎండదెబ్బ మాట నమ్మబుద్ధవుతుంది. తోదోకు నుదుటి మీద కత్తి పడింది.

కత్తుల గతి ఏమైందో కొందో ఇంటికి రాసిన ఉత్తరంలో ఉంది, నాకు ఈ యాత్ర మొత్తంలో అన్నిటికంటే విలువైన వివరం ఇదే. నగకురా కత్తి విరిగింది. ఒకితా కత్తి మొన విరిగింది. తోదో కత్తి అంచు మొత్తం పళ్ళు పళ్ళుగా ఊడిపోయింది. కొందో దత్తపుత్రుడు షూహెయి ఈటె తెగిపోయింది. తన కత్తికి మాత్రం, పేరుమోసిన కమ్మరి కొతెత్సు చేసినది కనుక, ఏమీ కాలేదని రాసుకున్నాడు. అది నిజమైన కొతెత్సు అవునా అన్నది వేరే చర్చ. మంచి కత్తి కూడా ఎందుకు పాడవుతుందంటే, అంచు గట్టిగా, వెనకభాగం మెత్తగా ఉండేలా కాలుస్తారు. గట్టి అంచు పదునుగా కోస్తుంది, కానీ ఇంకో కత్తి అంచుకో, ఎముకకో, కలపకో అడ్డంగా తగిలితే పెచ్చులూడుతుంది. మెత్తటి వెన్ను వల్ల ఒక్కసారిగా విరగకుండా వంగుతుంది, వంగిన కత్తి ఒరలోకి పోదు. పైగా పిడిని అలుగుకి పట్టి ఉంచేది ఒక చిన్న వెదురు చీల. అది వదులైతే చేతిలో పిడే మిగులుతుంది. రెండు గంటలు సాగిన పోరాటంలో ఒకే కత్తి నిలబడడం అరుదు.

అక్కణ్ణుంచి నాలుగడుగులు తూర్పుకి నడిస్తే సంజో పెద్ద వంతెన. పడమటి చివర నుంచి రెండో కంచు గుబ్బ మీద గీత లాంటి దెబ్బ ఉంది, ఇకెదాయా రాత్రి పడిందేనని అక్కడివాళ్ళు చెబుతారు. వేలు పెట్టి తడమొచ్చు. దగ్గర్లోనే కియామాచి వీధిలో సకూమా షోజాన్ రాతిగుర్తు. అదే 1864 వేసవిలో, పట్టపగలు, గుర్రం మీద వెళ్తున్న ఆ పండితుణ్ణి కవకామి గెన్సాయ్ నరికాడు. 'హితోకిరి', అంటే మనుషుల్ని నరికేవాడు అని పేరుపడ్డ నలుగురిలో అతనొకడు. మిగతావాళ్ళు తనకా షింబెయి, ఒకదా ఇజో, నకమురా హంజిరో. నలుగురిలో ఎవరూ ముసలివాళ్ళై మంచం మీద చావలేదు.

కవరమాచి వీధిలో ర్యోమా చనిపోయిన ఓమియా గుర్తురాయి దుకాణాల మధ్య ఉంది. జనం దాన్ని ఆనుకుని నిలబడి ఫోన్లు చూసుకుంటుంటారు. 1867 డిసెంబర్ 10 రాత్రి, పాత పంచాంగంలో 11వ నెల 15. అందుకే వర్ధంతి పండగ నవంబర్ 15న చేస్తారు, తేదీలు చూసుకునేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. మేడ మీద వెనక గది, ఎనిమిది చాపలు పట్టేంతది. ర్యోమా హొకుషిన్ ఇత్తో సంప్రదాయంలో ఎదోలో శిక్షణ పొందినవాడు. అయినా మొదటి దెబ్బే నుదుటి మీద పడింది. కత్తి ఒర నుంచి తీసే వ్యవధి లేక ఒరతోనే అడ్డుకున్నాడు. ఆ గది కప్పు ఇంటి వాలు కింద తక్కువ ఎత్తులో ఉంది. ఒర చివర ఆ కప్పును పొడుచుకుపోయి ఉందని తర్వాత అక్కడికొచ్చినవాళ్ళు చెప్పారు. ర్యోమాతో పాటు ఆ గదిలో ఉన్న సహచరుడు నకావోకా షింతారో మరో రెండు రోజులు బతికాడు.

ఆ దెబ్బ కొట్టిన ఆయుధం అని చెప్పే పొట్టి కత్తి రెండో రోజు ఉదయం రియోజెన్ మ్యూజియంలో చూశాను. మిమవారిగుమి అనే షోగునేట్ దళపు కత్సురా హయానోసుకేది. అలుగు పొడవు 42.1 సెం.మీ. మాత్రమే. మిబులో 173 సెం.మీ. పట్టె కింద నిలబడి వచ్చినవాళ్ళకి ఈ అంకె వివరించనక్కర్లేదు. వచ్చినవాళ్ళు గది ఎంతో తెలిసి, దానికి తగ్గ కత్తి తెచ్చుకున్నారు. ఈ మ్యూజియానికీ సోమవారం సెలవే. ప్రదర్శన వస్తువులు మారుస్తుంటారు కనుక ఒక ఫలానా కత్తి కోసమే వెళ్ళేవాళ్ళు ముందే కనుక్కోవాలి. ఎదురుగా ఉన్న గోకోకు గుడి కొండమీద ర్యోమా, నకావోకా సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. నిటారు మెట్లు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నెమ్మదిగా ఎక్కాలి. ప్రవేశానికి చిల్లర నాణేలు దగ్గరుంచుకోండి.

మధ్యాహ్నం ఫుషిమికి. కెయిహాన్ ఎక్స్‌ప్రెస్ రైలు చూషోజిమాలో ఆగుతుంది, ర్యోమా మీద అంతకుముందు ఒక రాత్రి దాడి జరిగిన తెరదాయా సత్రం అక్కణ్ణుంచి ఐదు నిమిషాలు. ముందే తెలుసుకోవాల్సింది: ఇప్పుడున్న భవనం పాతది కాదు. 1868 యుద్ధంలో అసలుది తగలబడిందని 2008లో క్యోటో నగరం తేల్చింది. కనుక లోపలి స్తంభాల మీద చూపించే గాట్లను ఆ రాత్రివిగా నేను తీసుకోలేదు. చోటు మాత్రం అదే.

ఈ చోట రెండు పోరాటాలు. 1862 మేలో సత్సుమా సంస్థానం వాళ్ళు సత్సుమా వాళ్ళనే నరుక్కున్నారు. అరిమా షిన్షిచికి కత్తి విరిగింది. ఎదుటివాణ్ణి గోడకేసి అదిమి పట్టుకుని, తనతో కలిపి పొడిచెయ్యమని తనవాడికే చెప్పాడు. ఆ కుర్రాడు పొడిచాడు. నాలుగేళ్ళ తర్వాత, 1866 మార్చి 9 రాత్రి, అధికారులు ర్యోమాను చుట్టుముట్టారు. స్నానంలో ఉన్న, తర్వాత ర్యోమా భార్య అయిన ఒర్యో పరిగెత్తుకొచ్చి మేడ మీదికి హెచ్చరిక చేరవేసింది. ర్యోమా వెంట ఉన్న మియోషి షింజో ఈటె పట్టాడు. ర్యోమా కత్తి తియ్యలేదు, స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ తీశాడు. చేతి వేళ్ళకు గాయమై, గుళ్ళు నింపబోతే రివాల్వర్ గుళ్ళ గిన్నె జారి చీకట్లో పోయింది. వెనకిళ్ళ గోడలు పగలగొట్టుకుంటూ పారిపోయారు.

చివరిగా ఉత్తరానికి నడిచి, ఓతెసుజి బజారు దాటి, ఫుషిమి-మొమోయామా స్టేషన్ దగ్గరి ఉవోసబురో అనే పాత భోజనశాల ముందుకొచ్చాను. లోపల భోజనానికి ముందే చెప్పుకోవాలి, ఖర్చెక్కువ. చూడాల్సింది మాత్రం వీధిలోంచే కనిపిస్తుంది. ముందరి చెక్క జాలీకి తుపాకి గుళ్ళ గుర్తులున్నాయి. 1868 జనవరి 27న షోగునేట్ సేనకూ చక్రవర్తి పక్షానికీ మధ్య మొదలైన తోబా-ఫుషిమి యుద్ధంలో పడినవి. షిన్సెన్‌గుమి దగ్గర్లోని మేజిస్ట్రేట్ కార్యాలయంలో మోహరించింది. కొద్ది రోజులకే యోదో దగ్గర వాళ్ళ పెద్దల్లో ఒకడైన ఇనోఉవే గెంజబురో తూటా తగిలి చనిపోయాడు. మిబు పట్టె మీది గాటు పొడుగ్గా, ఏటవాలుగా ఉంటుంది. ఈ జాలీ మీదివి గుండ్రంగా, చిన్నగా, వేలి కొన పట్టేంత ఉన్నాయి.