ఒక్క రూపాయి

"చూడక్కా, మళ్ళీ రూపాయి వేశాడు" అంటూ మా ఆఫీసు అమ్మాయి ఈ మధ్యాహ్నం ఫోను నా చేతిలో పెట్టింది. అన్నిచోట్లా బ్లాక్ చేసిన పాత ప్రియుడు యూపీఐలో ఒక్క రూపాయి పంపి, దాని కింద "పచ్చ చుడీదార్ బాగుంది" అని రాశాడు.

ముక్కూమొహం తెలియనివాడు వెంటపడితే వెంటనే భయపడతాము. కానీ ఆమె బస్సు వేళలు, అమ్మ నంబరు, పాత పాస్‌వర్డులు తెలిసిన మాజీ ప్రియుడే ఎక్కువ కాలం వదలడనీ, బెదిరింపు దాడిగా మారే ప్రమాదం అతనితోనే ఎక్కువనీ పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి. అయినా చుట్టూ ఉన్నవాళ్ళు (మొదట్లో నేనూ) దానిని ప్రేమికుల అలకగానే చూస్తారు.

ఇలా వెంటపడి వేధించడాన్ని నేరంగా చూసే భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ పాత పరిచయానికి మినహాయింపేమీ ఇవ్వలేదు. మొదటిసారి నేరం రుజువైనా 3 ఏళ్ళ వరకు జైలు. స్క్రీన్‌షాట్లన్నీ తీసి ఉంచాము, రేపు ఉదయం షీ టీమ్ దగ్గరకు ఇద్దరం కలిసి వెళ్తున్నాము.