రేకుల గదిలో ఎండిన కండెన్సర్లు: పాత ఓవర్‌డ్రైవ్ పెడల్ పని

కాజీపేట నుంచి వచ్చిన పాత ఓవర్‌డ్రైవ్ పెడల్ (గిటార్ సౌండ్‌ను గరుకుగా మార్చే, కాలితో నొక్కే డబ్బా) ఇప్పుడు బల్ల మీద ఉంది. ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ సర్క్యూట్‌కు కాపీ. చర్చిలో గిటార్ వాయించే అన్నది. ఏళ్ల తరబడి మేడ మీద రేకుల గదిలో, ట్రంకుపెట్టెలో పడి ఉందట. అడాప్టర్ పెడితే బుయ్‌మని హమ్. బ్యాటరీతో హమ్ పోతుంది గానీ, డ్రైవ్ పెంచితే వెనకాల చిటపట.

"తమ్మీ, ముందు ఐసీ మార్చు" అన్నాడు అన్న. అందరూ దాని మీదే పడతారు. సౌండ్‌ను పెంచే 4558 లాంటి ఐసీ వయసుతో మెల్లగా సౌండ్ మార్చుకుంటుందంటే నేను నమ్మను. ఫిల్మ్ కండెన్సర్లు కూడా అంత తేలిగ్గా ముసలివి కావు, వాటి జోలికి పోలేదు. ముందు పోయేవి ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లే. లోపలి ద్రవం సీలు గుండా కొద్దికొద్దిగా ఆరిపోతుంది. కెపాసిటీ తగ్గుతుంది, లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని మోటు లెక్క. మన మే నెల ఎండ, పైన రేకులు, ఇంక చెప్పేదేముంది.

సప్లై కొలిస్తే 9.2 వోల్టులు. రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లు దాన్ని సగం చేస్తాయి కాబట్టి బయాస్, అంటే ఐసీకి ఆధారంగా ఉండే మధ్య వోల్టేజీ, 4.6 రావాలి. వచ్చింది 4.1, అదీ నిలకడగా లేదు. రెసిస్టర్లు రెండూ బాగానే ఉన్నాయి. అక్కడున్న 47 మైక్రోఫారడ్ కండెన్సర్ కాలు ఒకటి విప్పగానే రీడింగు 4.6కి ఎక్కి కూర్చుంది. అంటే కరెంటు లీకవుతున్నది అందులోంచే. సప్లై మీది 100 మైక్రోఫారడ్‌ది విప్పి కొలిస్తే 38 చూపించింది. అడాప్టర్ కరెంటును నునుపు చేసేది అదే, హమ్ గుట్టు అక్కడ తేలింది. బోర్డు మీద ఉండగానే కొలిస్తే పక్క పార్టులు కలిసి తప్పు రీడింగు వస్తుంది, ఒక కాలైనా విప్పాల్సిందే.

రెండింటికీ అదే విలువలో, 25 వోల్టులు, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునే రకం వేశాను. గీత ఉన్న వైపు నెగటివ్. హన్మకొండలో కొనేటప్పుడు కాళ్లు నల్లబడిన పాత స్టాకు వద్దని చెప్పాను, వాడకపోయినా అవి ముసలివవుతాయి. ఇప్పుడు హమ్ లేదు, చిటపటా లేదు.

వాల్యూమ్ తిప్పితే గరగర వస్తోంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూఇటూ తిప్పితే చాలావరకు పోయింది. పోకపోతే ఆ కంట్రోల్ కాలు మీద డీసీ వోల్టేజీ చూడాలి. ఉందంటే దాని ముందున్న కండెన్సర్ లీకు.

ఏసీ128 జర్మేనియం ట్రాన్సిస్టర్లున్న నా ఫజ్ పెడల్ కథ వేరు. మధ్యాహ్నం గొంతు పూడుకుపోయి, రాత్రికి మామూలవుతుంది. అది వయసు కాదు, వేడికి ట్రాన్సిస్టర్ లీకేజీ పెరిగి బయాస్ జరగడం. కూలర్ ముందు పెట్టుకుని వాయిస్తున్నా.

తర్వాతి పని ఓ పాత కోరస్ పెడల్, ఒక్క గిటార్‌ను కొన్ని గిటార్లలా వినిపించేది. దాని బయాస్ ట్రిమ్‌పాట్ (లోపలి చిన్న సర్దుబాటు స్క్రూ) సరిగా తిప్పాలంటే సిగ్నల్ ఆకారం చూపించే ఆసిలోస్కోప్ కావాలి. ఎవరి దగ్గరైనా దొరికేదాకా మూత తియ్యను.