14వ బెడ్, 15వ బెడ్

పొద్దున 5 గంటలకు అలారం మోగితే ఆపేసి పడుకున్నాను. 5:20కి రూమ్మేట్ దుప్పటి లాగేసి "లేవే, బాత్రూమ్ ఖాళీగా ఉంది" అంది. ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో ఇంతకన్నా మంచి వార్త ఉండదు.

రాత్రి ఒంటిగంటన్నర దాకా కేర్ ప్లాన్ (పేషెంట్ సమస్యలేంటో, ఏం సేవ చేయాలో రాసేది) ముందేసుకుని కూర్చున్నాను. మేడం ఎర్ర ఇంకుతో గీతలు కొట్టి వెనక్కిచ్చింది అదే. "ఇది పుస్తకంలోని పేషెంట్. నీ పేషెంట్ ఎక్కడ?" అని పక్కన రాశారు. ఎంత చించుకున్నా రెండు పేజీలు దాటలేదు. బీఎస్సీ నర్సింగ్ అంటే రోగులతో పని అనుకుని వచ్చాను. ఇక్కడ రోగుల కన్నా కాగితాలు ఎక్కువ. కేర్ ప్లాన్, కేస్ స్టడీ, డ్రగ్ బుక్, లాగ్ బుక్, హెల్త్ టాక్‌కి చార్టు. పైగా గురువారం ఫార్మకాలజీ ఇంటర్నల్.

ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవడం, బస్సు అమీర్‌పేట దాటడం గుర్తున్నాయి. కళ్లు తెరిస్తే లక్డీకాపూల్.

ఇవాళ ఫీమేల్ మెడికల్ వార్డులో పెద్ద తప్పే చేశాను. వరసగా టీపీఆర్, అంటే జ్వరం, నాడి, శ్వాస, చూసుకుంటూ పోయి, 14వ బెడ్ మీదున్న పెద్దమ్మకు శ్వాస నిమిషానికి 26 వస్తే 14వ బెడ్ చార్టులో రాసేశాను. కాసేపటికి స్టాఫ్ సిస్టర్ పిలిచింది. "జ్వరం తగ్గి ఇంటికి పోయే మనిషికి 26 ఏంది? పొద్దున 18 ఉండె."

తీరా చూస్తే రాత్రి ఇద్దరూ బెడ్లు మార్చుకున్నారు! 14 సరిగ్గా ఫ్యాను కింద ఉంటుంది. గుండె జబ్బుతో ఆయాసపడుతున్న పెద్దమ్మకు గాలాడటం లేదని పక్కావిడే లేచి తన చోటు ఇచ్చిందట. మంచి మనసే, చార్టులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

"పేరు అడగవా? ఐపీ నంబర్ చూడవా? బెడ్‌కు చేస్తున్నవా వైద్యం, మనిషికి చేస్తున్నవా?" వార్డంతా వినేలా అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. అదే పొరపాటు ఇంజెక్షన్ దగ్గర జరిగి ఉంటే?

మళ్లీ వెళ్లి, ఈసారి పేరు అడిగి, పెద్దమ్మ మణికట్టు పట్టుకున్నాను. నాడి చూడటం అయ్యాక కూడా వేళ్లు తియ్యకూడదు. నాడి చూస్తున్నట్టే ఉండి, ఛాతీ లేచి పడటం లెక్కపెట్టాలి. శ్వాస లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి తీసే తీరే మారిపోతుంది. మొదటి సంవత్సరంలోనే చెప్పారు. అప్పుడది చిన్న మోసంలా అనిపించింది.

వాచీలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరగాలి. ఆ నిమిషంలో ఎవరూ నన్ను పిలవరు, పిలిచినా పలకక్కర్లేదు. పొద్దున్నించి నాకు దొరికిన తీరిక అదే. ఇరవై... ఇరవై ఒకటి... చేతుల వణుకు ఎప్పుడు తగ్గిందో తెలియదు. 24 దగ్గర ఆగింది.

"ఏం బిడ్డా, నా చెయ్యి పట్టుకొని నిద్రపోతున్నవా?" అంది పెద్దమ్మ. దాదాపు అంతే.

తర్వాత లాసిక్స్ ఇచ్చారు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు. మూత్రం కొలిచి ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టులో రాయడం నా పని. ఆ మందు ఒంట్లో చేరిన నీటితో పాటు పొటాషియంనీ లాగేస్తుందని పుస్తకంలో నాలుగుసార్లు చదివినా ఎక్కలేదు, కొలిచే జగ్గు చేత్తో పట్టుకున్నాక ఎక్కింది. దిండు కింద నిమ్మకాయ పచ్చడి పొట్లం కూడా దొరికింది. ఉప్పు తగ్గించమంటే ఇదీ సంగతి. "ఉప్పు లేని పప్పు నువ్వు తింటవా?" అని నన్నే నిలదీసింది. నేనూ తినలేను, నిజమే.

మధ్యాహ్నం క్లాసులో ఏం చెప్పారో నోట్సు చూస్తే తప్ప తెలియదు.

హాస్టల్‌కి వచ్చేసరికి రూమ్మేట్ నా అల్మారా మీద కాగితం అంటించింది: "నిద్రాభంగం. కారణం: కేర్ ప్లాన్. రుజువు: బస్సులో గురక." సమస్య, కారణం, రుజువు అంటూ కేర్ ప్లాన్‌లో రాసే నర్సింగ్ డయాగ్నసిస్ లాగే, అచ్చం. నవ్వీ నవ్వీ కడుపు నొప్పి పుట్టింది. అన్నిసార్లూ నవ్వుతో పోదు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి పోయిన నెల రాత్రుళ్లు ఏడుస్తూ చివరికి 14416కి, అదే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, ఫోన్ చేసింది. తెలుగులోనే మాట్లాడారట. ఆ నంబర్ నా డ్రగ్ బుక్ అట్ట మీద రాసిపెట్టుకున్నాను.

అమ్మ ఫోన్ చేసి "తిన్నవా?" అంది. తిన్నానన్నాను. బెడ్ల సంగతి చెప్పలేదు.

భోజనం అయ్యాక కేర్ ప్లాన్ తీశాను. ఫ్యాను కింద బెడ్, వీపు వెనక రెండు దిండ్లు, 26, 24, పచ్చడి పొట్లం. పది నలభైకల్లా అయిపోయింది. మేడం మళ్లీ ఎర్ర ఇంకు పెట్టరని కాదు.

డ్రగ్ బుక్‌లో ఇంకా ఎనిమిది మందులు మిగిలాయి. రేపు బస్సులో చూస్తాను. చూడను, తెలుసు.